సర్టిఫికెట్ మీది పేరు

కుదుస్, జావా,
12 ఆగస్టు 1984

చెల్లీ తుమినా,

నెల దాటినా ఉత్తరం లేదని ముఖం ముడుచుకుని కూర్చున్నావేమో. తెల్లారకముందే లేచి, అన్నం వండి, నడుచుకుంటూ ఫ్యాక్టరీ గేటు దగ్గరికి చేరేసరికి సూర్యుడు వస్తాడు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి వేళ్ళ నిండా లవంగం వాసన, నడుం నిండా నొప్పి. ఇక పెన్ను పట్టుకోబుద్ధి కాదు. పైగా మూడో తరగతితో ఆగిపోయిన చెయ్యి ఇది. ఒక్కో అక్షరం రాసేలోపు నేనొక పది సిగరెట్లు చుట్టేస్తాను. ఓపిగ్గా చదువుకో.

మీ బావ బాగున్నాడు. రిక్షాకి కొత్త చైను వేయించి, అదేదో కారు కొన్నట్టు వీధంతా చూపించి వచ్చాడు. కోడి పదకొండు పిల్లల్ని చేసింది, రెండు పోయాయి.

ఇక అసలు సంగతి. నేను చుట్టిన సిగరెట్ల కొసలు కత్తిరించేది మర్సి అని తెలుసుగా. పదమూడేళ్ళుగా ఒకే బల్ల దగ్గర మా జత. దాని కూతురు వచ్చే ఏడాదికి ఆరో తరగతి పూర్తి చేస్తుంది. ఆ పిల్లని చదువు మాన్పించి మా వరసలో కత్తెర ఇచ్చి కూర్చోబెడతానంటోంది. "చదివితే ఏమొస్తుందే కస్మినీ? ఇక్కడ వెయ్యికింత అని ఇస్తారు. నీ వేళ్ళు చూస్తారు గానీ ఎన్నో క్లాసు చదివావని ఎవడైనా అడిగాడా?" అంది. నాకు ఒళ్ళు మండింది. "మా చెల్లిని చూసి మాట్లాడు. పన్నెండో తరగతి సర్టిఫికెట్ పట్టుకుని పట్నం వెళ్ళింది. బట్టల మిల్లులో కుర్చీలో కూర్చుని నెలజీతం తీసుకుంటోంది" అన్నాను.

"ఎంతేమిటి ఆ జీతం? అంకె చెప్పు. మనకంటే ఎక్కువని తేలితే మా పిల్లని ఈ గేటు దగ్గరికి కూడా రానివ్వను" అంది.

వరస వరసంతా చేతులు ఆపకుండానే చెవులు ఇటు పెట్టింది. నువ్వు వెళ్ళి ఏడాదిన్నర అవుతోంది, నీ జీతం ఎంతో నేను ఒక్కసారి కూడా అడగలేదని అప్పుడు తెలిసింది. "ఉత్తరం రాసి కనుక్కుంటాలే" అన్నాను. అందరూ నవ్వారు.

కాబట్టి తల్లీ, ఒక్క అంకె రాసి పంపు. మర్సి నోరు మూయించాలి.

మీ అక్క,
కస్మిని


తంగెరాంగ్,
2 సెప్టెంబరు 1984

అక్కకి, బావకి,

నీ ఉత్తరం అందింది. నేను బాగున్నాను. మా గదిలో ఇప్పుడు నలుగురం. కొత్తగా వచ్చిన అమ్మాయిది సొలో ఊరి వైపు. వంటలో బెల్లం ఎక్కువ వేస్తుంది, మిగతా ఇద్దరూ రోజూ ఆమెతో పేచీ. ఇక్కడ అమ్మే సోయా టెంపే ముక్క మన ఊళ్ళో దానికి సగం ఉండదు, ధర మాత్రం రెట్టింపు. నీళ్ళకి పొద్దున్నే వరస కట్టాలి. అయినా సరదాగానే గడుస్తోంది. ఆదివారం నలుగురం కలిసి బజారుకి వెళ్ళి, ఏమీ కొనకుండా అన్నీ బేరమాడి వస్తాం.

ఇక్కడ ఎవరైనా లవంగం సిగరెట్టు కాలిస్తే చాలు, నువ్వు పనినుంచి వచ్చినట్టు తలుపు వైపు చూస్తాను. ఒక్కోసారి మగ్గాల హోరు గదికొచ్చాక కూడా చెవుల్లో తగ్గదు. అప్పుడు చెవుల్లో దూది పెట్టుకుని పడుకుంటాను.

మర్సక్క మాటలకి పౌరుషం తెచ్చుకోకు. పట్నం లెక్కలు వేరు, ఖర్చులు వేరు. ఆ జీతాన్నీ ఈ జీతాన్నీ పక్కపక్కన పెట్టి చూడటం కుదరదు. ఆమెకి ఏదో ఒకటి చెప్పి దాటెయ్యి.

ఐదు వేలు మనియార్డరు చేశాను. నడుముకి మూలికల కషాయం తాగడం మానకు.

నీ చెల్లి


కుదుస్,
15 సెప్టెంబరు 1984

తుమినా,

రెండు పేజీలు రాశావు, అంకె లేదు.

మర్సి ఉత్తరం చదివి వినిపించమంది. జీతం ముక్క దగ్గరికొచ్చేసరికి నాకు దగ్గొచ్చింది. ఏదో ఒకటి చెప్పి దాటెయ్యమన్నావు కదా, అలాగే దాటేశాను. కానీ నన్నెలా దాటేస్తావే?

కుర్చీలో కూర్చుని పనిచేసే పిల్లకి చెవుల్లో దూది ఎందుకు? మగ్గాల పక్కన నిలబడేది కూలీలు. నేను మూడో తరగతే, ఒప్పుకుంటాను. కానీ ఇరవై రెండేళ్ళ నుంచి ఫ్యాక్టరీలో ఉన్నాను. ఎవరు ఎక్కడ కూర్చుంటారో, ఎవరు నిలబడతారో నాకు తెలుసు.

ఏదైనా తప్పు చేసి కుర్చీ పోగొట్టుకున్నావా? ఎవరైనా ఏమైనా అన్నారా? లేకపోతే జబ్బు చేసిందా? జబ్బైతే నీ ఉత్తరం అందిన రాత్రే బస్సెక్కుతాను. మీ బావ కూడా అదే అన్నాడు, అంటే సంగతి ఎంతవరకు వచ్చిందో చూసుకో.

దాచకుండా రాయి. నీ మీద కోపం లేదు. కొంచెం ఉంది.

అక్క


తంగెరాంగ్,
7 అక్టోబరు 1984

అక్కా,

బస్సెక్కకు. నాకు జబ్బూ లేదు, నేనే తప్పూ చెయ్యలేదు. పోగొట్టుకోవడానికి అసలు కుర్చీ ఎప్పుడూ లేదు.

మొదటి రోజు సంగతి చెబుతాను. మిల్లు ఆఫీసులో గుమస్తా ముందు రెండు కాగితాలు పెట్టాను. ఒకటి పన్నెండో తరగతి సర్టిఫికెట్, రెండోది గుర్తింపు కార్డు. ఆయన ఒకసారి ఇది, ఒకసారి అది చూసి నవ్వాడు. "సర్టిఫికెట్ మీద ఎవరో దొరబిడ్డ పేరుంది. కార్డు మీద తుమినా అనుంది. ఎవరి దగ్గర అరువు తెచ్చావమ్మా ఈ సర్టిఫికెట్?" అన్నాడు. అరువు సర్టిఫికెట్లతో వచ్చే పిల్లలు ఇక్కడ నిజంగానే ఉన్నారు. అందుకని ఆయన్ని తప్పు పట్టలేను.

నేను ఉన్నదున్నట్టు చెప్పాను. "మా నాన్న గొప్పింటి వాళ్ళు పెట్టుకునే పేరు పెట్టాడండీ. ఆఖరి పరీక్ష రాసిన వారానికే నాకు టైఫాయిడ్ వచ్చింది, నెల రోజులు లేవలేదు. కూలివాళ్ళ పిల్లకి అంత పేరు బరువైపోయింది, మొయ్యలేక పడిపోయింది అని ఊళ్ళో ముసలమ్మ చెప్పింది. మా అక్క ఎర్ర జావ, తెల్ల జావ వండి, నలుగురినీ పిలిచి భోజనాలు పెట్టి, తుమినా అని తేలికైన పేరు పెట్టింది. గుర్తింపు కార్డు ఆ తర్వాత తీసుకున్నాను. బడిలో కాగితాలు మాత్రం పాత పేరుతోనే ఉండిపోయాయి" అన్నాను. ఆయనది సముద్రం అవతలి మేడాన్. మన జావా వాళ్ళ పద్ధతులు తెలియవు. "కథ బాగుంది. కార్డు మీద పేరుతో సర్టిఫికెట్ ఉంటే తీసుకురా. లేదంటే బడి మొహం చూడని పిల్లగా రాసుకుంటాను" అన్నాడు. ఒకటో తరగతి కాగితం దగ్గర్నుంచీ అన్నిటి మీదా ఆ పేరే కదా. అలాగే రాసుకున్నాడు.

అందుకే అక్కా, పన్నెండేళ్ళు చదివిన నేను ఇక్కడ ఒక్క రోజూ చదవని దాన్ని. నాలుగు మగ్గాలు చూస్తాను. రోజుకి తొమ్మిది వందల రుపియా. నీ రోజు కూలి కంటే తక్కువ. రాయకుండా ఉండాల్సింది ఈ అంకె. నీకు చెబితే నువ్వు పెట్టిన పేరునే తిట్టుకుంటావు. నేను ప్రాణాలతో ఉన్నానంటే ఆ పేరు వల్లనే అని నువ్వు నమ్ముతావు, నాకు తెలుసు. అందుకే కుర్చీ అని అబద్ధం రాశాను. రాసి రాసి నాకే అలవాటైపోయింది.

ఇప్పుడు ఎందుకు చెబుతున్నానంటే, నువ్వడిగావు కాబట్టి. ఇంకో కారణం కూడా ఉంది. బట్ట నాణ్యం చూసి రిపోర్టు రాసే పనికి ముగ్గురు కావాలని గోడ మీద కాగితం అంటించారు. నెలజీతం. పన్నెండో తరగతి తప్పనిసరి. పేర్లు తేడాగా ఉన్నవాళ్ళు, రెండు పేర్లూ ఒక్క మనిషివేనని గ్రామ పెద్ద రాసిచ్చిన కాగితం తేవాలట. పెద్దవాళ్ళు ఇద్దరు సాక్షి సంతకాలు పెట్టాలి. డిసెంబరు పదిహేను ఆఖరు.

ఆ కాగితం కావాలంటే నువ్వు నలుగురిలో నిలబడి ఆ పాత పేరు పలకాలి, రాయాలి. నువ్వు రెండేళ్ళుగా దాన్ని నోట రానివ్వలేదు. పొరపాటున పిలిచిందని పిన్నిని వాకిట్లోంచే పంపేశావు. అందుకని అడగలేను. తెలియజేస్తున్నాను, అంతే.

నీ చెల్లి


కుదుస్,
18 నవంబరు 1984

తుమినా,

నలభై రోజులు ఉలుకూ పలుకూ లేకుండా ఉన్నాను. నువ్వేమనుకుని ఉంటావో ఊహించుకుంటే అన్నం సయించలేదు. ఇప్పుడు చెప్పేది చదివాక నన్ను ఏమైనా అను, పడతాను.

నువ్వు మంచంలోంచి లేచి గోడ పట్టుకుని నడిచే రోజుల్లో బడినుంచి హెడ్మాస్టరు చీటీ పంపారు. "మీ చెల్లెలి పేరు మార్చారని విన్నాను. సర్టిఫికెట్లకి ఇంకా ముద్ర వేయలేదు. ఈ నెలలోగా గ్రామ పెద్ద దగ్గర కాగితం తెస్తే కొత్త పేరుతో రాయిస్తాను" అని. అది నా చేతికే వచ్చింది. నీకు చెప్పలేదు.

ఎందుకంటే భయమేసింది. నువ్వు అప్పటికి రెండు ముద్దలే తింటున్నావు. నేను ఆఫీసుకి వెళ్ళి ఆ పేరు గట్టిగా పలికితే, వదిలిపోయిన రోగం విని మళ్ళీ వస్తుందేమో అనుకున్నాను. ఇంకొంచెం కోలుకోనీ, వచ్చే వారం వెళ్దాం అనుకున్నాను. ప్రతి వారం అలాగే అనుకున్నాను. నెల దాటిపోయింది. చీటీ పొయ్యిలో వేశాను. పట్నంలో ఎవరు చూడొచ్చారులే అని మనసుకి సర్దిచెప్పుకున్నాను. నిన్ను చదివించడానికి పన్నెండేళ్ళు నా వేళ్ళు అరగదీసుకుని, చివర్లో ఒక్క పూట ఆఫీసుకి వెళ్ళలేకపోయాను. నీ కుర్చీ నేనే లాగేశాను.

నీ ఉత్తరం వచ్చాక కూడా వెంటనే వెళ్ళలేదు. ముందు ముసలమ్మ దగ్గరికి వెళ్ళి "ఆ పేరు మళ్ళీ పలకవచ్చా?" అని అడిగాను. ఆవిడ తమలపాకు నమిలి నమిలి, "పేరు మార్చమన్నాను గానీ పిల్ల కాగితాలు పాడుచెయ్యమన్నానా? అప్పుడు అది ఎముకల గూడు, మొయ్యలేకపోయింది. ఇప్పుడు ఇరవై ఏళ్ళది, నాలుగు మగ్గాలు ఆడిస్తోందంటున్నావు. కాగితం మీద రెండు ముక్కలు మొయ్యలేదూ?" అని కసిరింది. అయినా నాకు ధైర్యం చాలలేదు. ఇంకో పది రోజులు తిరిగాను.

చివరికి మొన్న శనివారం మర్సి రెక్క పట్టుకుని లాక్కెళ్ళింది. దానికి నీ జీతం సంగతి అంతా చెప్పేశాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "నాకెందుకు ముందే చెప్పలేదే? రెండో సాక్షి నేనున్నానుగా. పేరు మార్చిన రోజు నీ ఇంట్లో కోడి తొడ తిన్నాను" అంది. గ్రామ పెద్ద కళ్ళజోడు సర్దుకుని, "పాత పేరు చెప్పమ్మా" అన్నాడు. నా నోట తుమినా అనే వచ్చింది. ఆయన మళ్ళీ అడిగాడు. మర్సి నా వీపు మీద ఒక్కటిచ్చింది.

చెప్పాను. ఇక్కడ కూడా రాస్తున్నాను చూడు. కుసుమనింగ్రుమ్. కుసుమనింగ్రుమ్ అన్నా తుమినా అన్నా మా చెల్లెలే, ఒక్కతే, నేను పెంచిన పిల్లే అని చెప్పి సంతకం పెట్టాను. నా సంతకం బల్లిపిల్లలా వచ్చింది. ఆయన పర్లేదన్నాడు.

రిజిస్టరు పోస్టులో పంపుతున్నాను. అందగానే ఒంట్లో ఎలా ఉందో రాయి. జ్వరం తగిలితే దాచకు.

కస్మిని


తంగెరాంగ్,
4 డిసెంబరు 1984

అక్కా,

కాగితం అందింది. జ్వరం రాలేదు. ఆకలి మామూలుగానే ఉంది.

నీ ఉత్తరం చదివి నాకు కోపం వచ్చింది. దాచడం ఎందుకు, చాలా కోపం వచ్చింది. రెండు రోజులు నిన్ను మనసులో తిట్టుకుంటూనే పనిచేశాను. రెండేళ్ళు అక్కా. మా పక్క వరసలో ఒకమ్మాయి నాతోపాటే చేరింది, నాకంటే తక్కువ మార్కులు, ఇప్పుడు లెక్కల గదిలో ఉంది. ఆమెకి తన పేరుతోనే సర్టిఫికెట్ ఉంది, అంతే తేడా. నువ్వు ఆ చీటీ నాకిచ్చి ఉంటే నేనే గోడ పట్టుకుని వెళ్ళేదాన్ని.

మూడో రోజు గదిలో సొలో అమ్మాయికి జ్వరం వచ్చింది. మామూలు జ్వరమే. రాత్రంతా నుదుటి మీద తడిగుడ్డ మార్చాను. ఎవరో కూడా సరిగా తెలియని పిల్ల, అయినా తెల్లారేదాకా ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని కూర్చున్నాను. నెల రోజులు నువ్వెలా ఉన్నావో అప్పుడు తెలిసింది. కోపం పోయింది. పోయిందని అబద్ధం చెప్పడం లేదు, మనిద్దరం ఇకమీదట అలాంటివి రాసుకోవద్దు.

నిన్న దరఖాస్తు ఇచ్చాను. మేడాన్ గుమస్తా మారిపోయాడు. కొత్తాయనది మన జావాలోని జొగ్జ. కాగితం చదివి తల ఊపాడు. "మా తమ్ముడికీ ఇలాగే మార్చాం" అన్నాడు. నా గుండె కాస్త కుదుటపడింది. జనవరిలో చేతిరాత పరీక్ష. నలభై మంది ఉన్నాం, మూడు కుర్చీలు.

మర్సక్కకి నా తరఫున చెప్పు, కోడి తొడ అరిగేంత మేలు చేసిందని.

నీ చెల్లి


కుదుస్,
10 జనవరి 1985

తుమినా,

నీ కోపం చదివి ఏడ్చాను, తర్వాత హాయిగా నిద్రపోయాను. తిట్టడమే మంచిదైంది. తిట్టకపోతే ఇంకా ఏదో దాస్తున్నావని అనుమానపడేదాన్ని.

ఇక్కడ వానలు. పొగాకు తడి పట్టి కాగితంలో సరిగా కూర్చోవడం లేదు. మేస్త్రీ మా వరసలో ఇద్దరు కొత్త పిల్లల్ని పెట్టాడు. పదహారేళ్ళవాళ్ళు. రోజుకి నాలుగు వేలు చుట్టేస్తున్నారు. ఒకప్పుడు నేనూ అంతే చుట్టేదాన్ని. ఇప్పుడు మూడు వేల మూడు వందలు దాటితే గొప్ప. ముప్పై నాలుగేళ్ళకే వేళ్ళు మొరాయిస్తున్నాయి. కిందటి వారం నా డబ్బు పొట్లం చూసి మర్సి తన పొట్లం కూడా చూసుకుంది. నేను నెమ్మదిస్తే దానికీ తగ్గుతుంది కదా. ఏమీ అనలేదు పాపం. కానీ దారిలో "మీ చెల్లిలాంటి వాళ్ళకి వయసు పెరిగేకొద్దీ జీతం పెరుగుతుందటగా?" అని అడిగింది. అవునన్నాను. "మనకి తగ్గుతుంది" అంది.

నాకు దిగులేం లేదు. ఈ వేళ్ళు చెయ్యాల్సింది చేశాయి. పరీక్ష బాగా రాయి. పాస్ కాకపోయినా ఇంటికి రా, కోడిపిల్లలు పెద్దవయ్యాయి, ఒకటి నీకోసం అట్టిపెట్టాను.

అక్క


తంగెరాంగ్,
3 మార్చి 1985

అక్కా,

వచ్చింది. మూడో పేరు నాది. అటెండరు గోడ మీద కాగితం అంటిస్తుంటే జిగురు ఆరకముందే చదివాను. పక్కనున్న పిల్ల నన్ను గిల్లింది, నేను ఆమెని గిల్లాను.

మర్సక్క అడిగిన అంకె రాస్తున్నాను. నెలకి అరవై రెండు వేలు. ప్రతి ఏడాదీ కొంచెం పెంచుతారు. సెలవు రోజులకీ డబ్బిస్తారు, అది నాకింకా నమ్మకం కుదరడం లేదు. ఆవిడ కూతుర్ని బడిలో వేసేటప్పుడు కార్డు మీదా కాగితం మీదా పేరు ఒక్కటే ఉందో లేదో రెండుసార్లు చూసుకోమని చెప్పు. ఇకనుంచి నెలకి ఇరవై వేలు పంపుతాను. వద్దనకు. నువ్వు రోజుకి రెండు వేలే చుట్టు, లేదా మానెయ్యి, నీ ఇష్టం.

పని బాగుంది. ఏ మగ్గం నుంచి ఏ తప్పు వస్తుందో చేత్తో తడిమితేనే తెలిసిపోతుంది నాకు. మిగతా ఇద్దరికీ మగ్గాల గది తెలియదు, నన్ను అడుగుతారు. మగ్గాల దగ్గర గడిపిన రెండేళ్ళు ఊరికే పోలేదని ఇప్పుడనిపిస్తోంది, ఈ మాట నిన్ను ఓదార్చడానికి రాయడం లేదు.

ఒక్క సంగతి మిగిలింది. చేరే రోజున జొగ్జ గుమస్తా కొత్త ఫారం తీసి, "నీకు రెండు పేర్లున్నాయి. రెండిట్లో ఏది కావాలంటే అది రాస్తాను. నా మాట విని సర్టిఫికెట్ మీదున్నదే ఉంచుకో. రేపు పై పోస్టుకి వెళ్ళినా, ఇంకో మిల్లుకి వెళ్ళినా ఇబ్బందుండదు. తుమినా అని రాసుకుంటే బతికినన్నాళ్ళూ ఆ గ్రామ పెద్ద కాగితం వెంట పెట్టుకు తిరగాలి" అన్నాడు. పైగా గొంతు తగ్గించి, "ఆఫీసులో తుమినా అంటే కొంచెం మోటుగా ఉంటుందమ్మా. కుసుమనింగ్రుమ్ ఎంత దర్జాగా ఉంది" అన్నాడు.

మంచి మనిషి, నా మేలు కోరే చెప్పాడు. నేను ఆలోచించుకోలేదు కూడా. తుమినా అని రాయమన్నాను. ఆయన పెన్ను ఆపి, ఎందుకని అడిగాడు.

"మా అక్క ఆ పేరుతో పిలిచిన మూడో రోజు నేను లేచి కూర్చుని అన్నం అడిగానండీ" అన్నాను.

ఆయన తుమినా అనే రాసుకున్నాడు.

నీ
తుమినా